మిట్ట చల్కలో వాడిన పత్తి: నీళ్లు తాగే నేలకు నీళ్లు ఎందుకు చాలలేదు

జూలైలో వానకు గండ్లు పడ్డ పొలమే ఆగస్టులో పది రోజుల బెట్టకు వాడిపోయింది. పక్కనే రేగడిలో పత్తి పచ్చగా ఉంది, ఇక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి ఆకులు వేలాడుతున్నాయి. వాన ఎక్కువై నష్టం, వాన లేక నష్టం, రెండూ ఒకే చేనులో, ఒకే సీజన్‌లో. ఉమ్మడి వరంగల్ జిల్లాలో మిట్ట చల్కలు, అంటే ఎత్తు మీద ఉండే ఇసుకపాలు ఎర్రనేలలు, ఉన్న చాలా ఊళ్లలో ఈ పరిస్థితి ఉంది కాబట్టి, ఈ ఒక్క పొలంలో ఏం చూశాం, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది వివరంగా రాస్తున్నాను. రైతు పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

పొలం

నాలుగెకరాల పైచిలుకు. ఒక రాతిగుట్ట పాదం దగ్గర మొదలై, మెల్లగా దిగుతూ చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల) అంచుదాకా వస్తుంది. పైభాగంలో ఎర్రటి మన్ను, కాలికి గరుకుగా తగిలే ఇసుక, అక్కడక్కడా తెల్లటి పలుగురాళ్లు. కిందికి వచ్చేకొద్దీ రంగు ముదురుతుంది, తడిగా ఉన్నప్పుడు మన్ను చేతికి కొంచెం అంటుకుంటుంది. గ్రానైటు, నైసు రాళ్లు చివికి అయిన నేలలివి. వీటిలో ఉండే బంకమట్టి ఎక్కువగా కేయోలినైట్ రకం, అంటే తడిస్తే ఉబ్బదు, ఎండితే పెద్దగా కుంచించుకుపోదు. రేగడి అలా కాదు, ఎండాకాలంలో నోళ్లు తెరిచి, పై మన్ను లోపలికి రాలి, తనను తానే తిరగేసుకుంటుంది. ఈ తేడా ముందు ముందు చాలా ముఖ్యం అవుతుంది.

ఒకప్పుడు ఈ చేనులో జొన్న, కంది, నువ్వులు, పునాస పెసర వేసేవాళ్లు, ఎడ్లతో దున్నేవాళ్లు. పత్తి వచ్చాక ఎడ్లు పోయాయి, ఎడ్లు పోయాక పెంటకుప్ప పోయింది, రోటవేటర్ వచ్చింది. రోటవేటర్ కొడితే నేల పిండిలా అవుతుంది, చూడటానికి బాగుంటుంది, విత్తడం సులువు. కొన్నేళ్లుగా ప్రతి సీజన్‌కూ అదే. ఒక బోరు ఉంది, వానాకాలంలో ఫర్వాలేదు, మార్చి వచ్చేసరికి ఆగి ఆగి పోస్తుంది.

వచ్చిన సమస్య

ఆ రైతు నా దగ్గరికి వచ్చేసరికి ఆ సీజన్‌లో పత్తి గింజలు రెండోసారి పెట్టి ఉన్నాడు. "సారూ, మా చల్క ఎంత వాన పడ్డా తాగుతది. గని రెండొద్దులు కాంగనే ఎండుతది. మొలకనే సక్కగ వస్తలేదు, వచ్చింది నిలుస్తలేదు" అన్నాడు. ఆయన అప్పటికే ఊరుకోలేదు. కుదురుకు రెండు గింజలు బదులు మూడు పెట్టాడు. మొక్క పచ్చబడాలని యూరియా ఎక్కువ వేశాడు, పైపాటుగా డీఏపీ కూడా చల్లాడు. అంతకుముందు ఎండాకాలంలో చెరువు మట్టి తోలించాడు, దానికి బాగానే ఖర్చయింది.

ఆయన చెప్పినదాంట్లో నన్ను ఆపింది ఒక్కటే. ఎంత వాన పడ్డా తాగే నేలైతే ఆ గండ్లు ఎక్కడివి? చేను కింది ఒడ్డు దగ్గర మోకాలి ఎత్తున ఎర్రమన్ను మేట వేసి ఉంది. తాగే నేల నుంచి అంత మన్ను కొట్టుకురాదు. అంటే నేల మొత్తంగా చూస్తే నీరు దిగిపోయే రకమే అయినా, వాన పడే ఆ అరగంటలో మాత్రం ఏదో అడ్డు పడుతోంది.

ఒక పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున చేనుకు వెళ్లాను. పైన బురద, చాళ్లలో ఇంకా నీళ్ల మరకలు. చేతి పారతో తవ్వితే నాలుగు వేళ్ల మందం వరకు తడి, ఆ కింద పొడి దుమ్ము. రాత్రంతా కురిసిన వానకు నాలుగు వేళ్లు! రైతు ఆ దుమ్మును అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నేను గుంత తవ్వుదామంటే కాదనలేదు. నిలబడ్డ పత్తి మధ్య గుంతలంటే మామూలుగా ఎవరూ ఒప్పుకోరు.

గుంతలో కనబడింది

మూడు చోట్ల తవ్వించాం: పైన, నడుమ, కింద. నడుం లోతు అనుకున్నాం కానీ పైగుంత అంత లోతుకు పోనే లేదు, అడుగున్నర దగ్గరే మొరం తగిలింది. నడిమి గుంతలో మొరం రెండడుగులు దాటాక వచ్చింది, కింద మూడడుగులు తవ్వినా రాలేదు.

మూడు గుంతల్లోనూ ఒకటి మాత్రం ఒకేలా ఉంది. పైన పెచ్చులా లేచే పలుచని పక్కు. దాని కింద రోటవేటర్ తిప్పిన పొడి మన్ను. ఆరు అంగుళాల దగ్గర గట్టి పొర. కత్తి మొనతో గోడను పైనుంచి కిందికి గీసుకుంటూ వస్తే అక్కడికి రాగానే చప్పుడే మారిపోయేది. పత్తి తల్లివేరు ఆ పొరదాకా నిటారుగా వచ్చి, అక్కడినుంచి పక్కకు తిరిగి అడ్డంగా పాకింది. ఆ పొర దాటాక కింద మన్ను నిజానికి పైదానికంటే మంచిది, బంకపాలు కొంచెం ఎక్కువ, చల్కల్లో మామూలుగా అలాగే ఉంటుంది. అక్కడిదాకా వేరే చేరలేదు.

ఇక్కడ లెక్క వేసి రైతుకు చూపించాను, ఆ లెక్కే తర్వాతి నిర్ణయాలన్నింటికీ ఆధారం. ఇసుకపాలు ఎక్కువున్న ఇలాంటి ఎర్రనేల ఒక మీటరు లోతులో పంటకు అందే నీరు 100 నుంచి 120 మిల్లీమీటర్లు పట్టుకుంటుంది. వేరు ఆరంగుళాలకే, అంటే 15 సెంటీమీటర్లకే ఆగిపోతే పంటకు దొరికేది 15-18 మిల్లీమీటర్లు. పూత, కాయ మీదున్న పత్తి రోజుకు 4-5 మిల్లీమీటర్లు తాగుతుంది. నాలుగు రోజులు, అంతే. అదే వేరు రెండడుగులు, 60 సెంటీమీటర్లు దిగితే 60-70 మిల్లీమీటర్లు, అంటే రెండు వారాల బెట్టను ఓర్చుకుంటుంది. నేల అదే, వాన అదే. ఆయన చేనులో పత్తి వాడింది నేలలో నీళ్లు లేక మాత్రమే కాదు, ఉన్న నీళ్ల దగ్గరికి వేరు పోలేక.

పైన పక్కు సంగతి చూడటానికి పాత నూనె డబ్బా రెండు వైపులా కోసి, నేలలోకి కొట్టి, నీళ్లు పోసి గడియారం పట్టాం. ఇలాంటి ఇసుకపాలు నేలలు మామూలుగా గంటకు 20-30 మిల్లీమీటర్లు దింపుకోవాలి. పక్కు తీసేసిన చోట నీళ్లు చకచకా దిగాయి, పక్కు ఉన్నచోట డబ్బాలో నిలబడి ఉన్నాయి. ఒక మిల్లీమీటరు వాన ఎకరం మీద పడితే దాదాపు 4,000 లీటర్లు. గంటలో 30 మిల్లీమీటర్లు పడి అందులో 10 మాత్రమే దిగితే, ఎకరానికి 80,000 లీటర్లు వాలు వెంట పోయినట్టు. ఐదువేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. ఈ మాట చెప్పినప్పుడు రైతు భార్య వెంటనే కింది ఒడ్డువైపు చూపించి "మన్ను గూడ దాని ఎంబడే పోయింది" అంది. నిజమే. పైగా పోయేది ముందు సన్న మన్నే, బంక, కుళ్లిన ఎరువు, అంటే నీళ్లు పట్టుకునే భాగమే. ముతక ఇసుక మాత్రం చేనులో మిగులుతుంది.

పక్కు ఎందుకు కడుతుందో గ్లాసు నీళ్లలో తెలిసిపోయింది. చేనులోంచి ఒక ఎండిన పెడ్డ, ఒడ్డు మీద గడ్డి వేర్ల కింది నుంచి ఒక పెడ్డ తెచ్చి రెండు గ్లాసుల్లో వేశాం. చేను పెడ్డ నిమిషంలో కరిగి అడుగున జావయ్యింది. ఒడ్డు పెడ్డ అలాగే నిలబడింది. నేల ఒక్కటే, కానీ ఒడ్డును ఎవరూ దున్నలేదు, అక్కడ గడ్డి వేర్లు, ఆకులు అలములు మన్నును పట్టి ఉంచాయి. నేల పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపే వచ్చింది, అంటే తక్కువ కింద లెక్క. ఉదజని సూచిక మామూలుగా ఉంది, చౌడు లేదు. చౌడు లేదని తేలడం అవసరం, ఎందుకంటే పక్కు కట్టగానే జిప్సం వేయమని సలహాలు వస్తాయి. అది చౌడు భూమికి పనికొచ్చే మందు, పల్లికి ఊడలు దిగేటప్పుడు వేరే కారణానికి వేస్తాం. ఇక్కడ జిప్సం కొనడంలో అర్థం లేదు.

ఒక పక్క విషయం. నేలల పుస్తకాల్లో "నీరు బాగా ఇంకే మెట్ట నేల" అనగానే లోయెస్ గురించి చాలా కనబడుతుంది, గాలి మోసుకొచ్చి పోసిన సన్నటి ఒండ్రు అది. చైనాలో పసుపు నది మధ్య భాగాన ఉన్న పీఠభూమి మీద, అమెరికాలో మిసిసిపీ, మిసోరీ నదుల పక్క గుట్టల మీద మీటర్ల కొద్దీ పేరుకుని ఉంది, చైనాలో కొన్నిచోట్ల వంద మీటర్లు దాటుతుంది. అదీ నీరు నిలవని మెట్టనేలే. కానీ దాని రేణువులు మన ఇసుకకంటే చాలా సన్నం, మీటరు లోతులో 200 మిల్లీమీటర్ల దాకా నీరు పట్టుకుంటుంది, అంటే మన చల్కకు దాదాపు రెట్టింపు, పైగా వేరు ఎంత లోతుకైనా పోవచ్చు. అందుకే ఆ నేలల మీద మక్క, సోయా, గోధుమ ధీమాగా వేస్తారు. మన మిట్ట చల్క నీళ్లను దానిలాగే దింపేస్తుంది, దానిలాగే పక్కు కడుతుంది, దానిలాగే కోసుకుపోతుంది, కానీ దాచుకోవడం దగ్గర మాత్రం దానికి దరిదాపుల్లో లేదు. నీరు బాగా ఇంకుతుంది అన్న ఒక్క గుణాన్ని చూసి పంటను ఎంచకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఫలించనివి

చెరువు మట్టితో మొదలుపెడతాను, ఎందుకంటే దీని మీద నమ్మకం ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. 2015లో చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక పూడిక తీసిన మట్టిని చాలామంది చేలకు తోలుకున్నారు, అది మంచి పనే, ఆ మట్టి ఒకప్పుడు మన చల్కల నుంచి కొట్టుకుపోయిన సన్న మన్నే కదా. ఈ రైతు కూడా తోలాడు. కానీ ట్రాక్టర్ కుప్పలు పోసి, పైపైన పరిచి, రోటవేటర్ ఒకసారి తిప్పి వదిలేశాడు. గుంత గోడలో ఆ నల్ల మట్టి విడిగా ఒక పట్టీలాగా కనబడింది. సన్న మన్ను పైన, ముతక మన్ను కింద విడివిడిగా ఉంటే నీరు పైపొర పూర్తిగా నానేదాకా కిందికి దిగదు. చిన్న వానలు ఆ పైపొరలోనే ఆగి రెండు రోజుల ఎండకు ఆవిరైపోతాయి. మట్టి మంచిదే, కలపడం జరగలేదు. కుప్పలు పోసినచోట మందంగా, మిగతా చోట ఏమీ లేకుండా ఉండటంతో చేనంతా మచ్చలు మచ్చలుగా పెరిగింది.

రెండోది, మొలక దశలో బోరు నీళ్లతో పక్కును మెత్తబరచడం. పద్ధతి తప్పు కాదు, పలుచగా తడిపితే మొలక పైకి వస్తుంది. కానీ ఈ బోరుకు అంత సత్తా లేదు. చేను ఒక మూల తడిపి రెండో మూలకు వచ్చేలోపు అక్కడ మొలక పక్కు కింద వంకర తిరిగి పోయింది. దీన్ని ఆపేశాం.

మూడోది గట్టి పొర పగలగొట్టడం. ఛిసెల్ ప్లౌ, అంటే లోతుగా దిగి గట్టి పొరను చీల్చే నాగలి, దొరికింది, కానీ చల్క ఎండాకాలంలో రాయిలా ఉంటుంది, ట్రాక్టర్ డ్రైవర్ లాగలేనన్నాడు, వాన పడ్డాక పదునులో వేద్దామన్నాడు. అలాగే వేయించాం, ఎందుకంటే అసలు పగలకపోవడం కంటే ఎంతో కొంత నయం అనిపించింది. తర్వాత తవ్వి చూస్తే నాగలి కర్రు దిగినచోట సన్నటి చీలిక తప్ప పక్కలకు ఏమీ పగల్లేదు. తడి మన్ను పగలదు, కోసుకుంటుంది. వానాకాలం సగం గడిచేసరికి ఆ చీలిక కూడా మూసుకుపోయింది. రేగడి అయితే తానే పగుళ్లు తెరుచుకుని సర్దుకునేది. చల్కలో బంక ఉబ్బదు, కుంచించుకుపోదు, కాబట్టి ఒకసారి అణిగిన పొర తనంతట తాను విడవదు, విడగొట్టినా వానకు కరిగి మళ్లీ అణుగుతుంది. ఇనుముతో విడగొట్టిన సందులోకి ఆ సీజన్‌లోనే ఒక వేరు దిగాలి. ఆ వేరు కుళ్లాక మిగిలే బొక్కే తర్వాతి పంటకు దారి.

డీఏపీ పైపాటు సంగతి కూడా ఇక్కడే. అందులో ఉండే భాస్వరం నేలలో కదలదు, పైన చల్లితే పైనే ఉంటుంది, ఎండిన పై మన్నులో వేరు దాన్ని తీసుకోలేదు. యూరియా దానికి పూర్తిగా వ్యతిరేకం, నైట్రేటుగా మారాక చల్కలో నీళ్లతోపాటు వేరుకు అందనంత లోతుకు జారిపోతుంది. రెండు పెద్ద దఫాలుగా వేసిన యూరియాలో చాలా భాగం అలా పోయిందని అనుకోవచ్చు, ఎందుకంటే వేసిన వారానికి పచ్చబడి తర్వాత వారానికే పాలిపోయేది.

నిలబడ్డవి

మొదటి నిర్ణయం చేనును రెండుగా చూడటం. నాలుగెకరాలూ ఒకే సర్వే నంబరు కాబట్టి ఒకే పంట అన్న అలవాటు వదిలించడానికి కొంత వాదన జరిగింది. "పత్తి ఎయ్యకపోతె మార్కెట్ల ఏం అమ్మాలె సారూ" అన్నాడు, ఆయన టెన్షన్ అర్థమయ్యేదే, వరంగల్ మార్కెట్‌కు దగ్గరగా ఉన్నవాళ్లకు పత్తి అంటే చేతికొచ్చే నగదు. కానీ పైభాగంలో మొరం అడుగున్నరకే ఉంది. గట్టి పొర మొత్తం తీసేసినా వేరు 45 సెంటీమీటర్లకు మించి పోదు, అంటే 50 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, పది రోజుల నీరు. నవంబర్, డిసెంబర్ దాకా నిలబడాల్సిన పంటకు అది చాలదు. కింది సగానికి ఆ ఇబ్బంది లేదు. కింద పత్తి ఉంచుకుని, పైన తక్కువ కాలం పంటలకు ఒప్పించాను.

మధ్యలో ఆయన పామాయిల్ గురించి అడిగాడు, చుట్టుపక్కల వేస్తున్నారు కదా అని. ఎకరానికి 57 మొక్కలు, ఎదిగిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్లకు పైనే కావాలి, అంటే ఎకరానికే రోజుకు 11,400 లీటర్లకు పైనే. మార్చిలో ఆగి ఆగి పోసే బోరు మీద, మొరం పైకి ఉన్న మిట్ట మీద అది కుదరదని గట్టిగానే చెప్పాను.

రోటవేటర్ మానడం రెండోది. రైతు కంటే ట్రాక్టర్ వాళ్లను ఒప్పించడమే కష్టమైంది. కల్టివేటర్, తర్వాత గుంటుక, అంతవరకే. దానితోపాటు ఆ తర్వాతి ఏప్రిల్‌లో, నేల పూర్తిగా ఎండినప్పుడు, పెద్ద ట్రాక్టర్ దొరికేదాకా ఆగి ఛిసెల్ వేయించాం. ఈసారి పెడ్డలు పెద్ద పెద్దవిగా లేచాయి, పొర పలకలుగా విరిగింది. వెంటనే వేరు దింపాలి కాబట్టి కింది చేనులో ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది పెట్టించాం. పైన జూన్‌లో జనుము చల్లి, పూత మొదలయ్యేసరికి కలియదున్ని, వానాకాలం చివర ఉలవలు. జీలుగ బదులు జనుము ఎందుకంటే జీలుగ తడి నేలల్లో, చౌడులో బాగా వస్తుంది, మిట్ట చల్కకు జనుమే సరి. ఒక సీజన్ పైభాగం నుంచి నగదు పెద్దగా రాదని ముందే చెప్పి ఒప్పుకున్నాకే చేశాం. ఆ తర్వాతి ఏడాది అక్కడ పునాస పెసర, దాని వెనక మళ్లీ ఉలవలు.

వాలుకు అడ్డంగా విత్తడం వినడానికి చిన్న మార్పు. ఇంతవరకు సాళ్లు గుట్ట నుంచి చెరువు వైపు, నిలువుగా ఉండేవి, ట్రాక్టర్‌కు పొడుగు సాలు దొరుకుతుందని. ప్రతి సాలూ ఒక కాలువ. అడ్డంగా తిప్పి, కొన్ని సాళ్లకు ఒకటి చొప్పున గొడ్డు చాళ్లు, అంటే నీళ్లు ఆగడానికి పంట పెట్టకుండా వదిలే చాళ్లు, తీయించాం. మొదటి పెద్ద వానకే ఆ చాళ్లలో నీళ్లు నిలబడి, మర్నాటికి ఇంకిపోయాయి. కింది ఒడ్డు దగ్గర కొత్త మేట వేయలేదు. వాన ఆగిన మధ్యాహ్నం ఇనుప చువ్వ గుచ్చితే కింది చేనులో జానెడు దాటి దిగింది.

మొలక విషయంలో అన్నిటికంటే చవకైన ఉపాయం రైతు భార్యది. కూరగాయల మడిలో ఆమె ఎప్పుడూ చేసే పని: గింజ పెట్టి మన్ను కప్పాక దాని మీద ఒక పిడికెడు చివికిన, జల్లెడ పట్టిన పెంట పొడి. చేనుకంతా వేసేంత పెంట లేదు, కానీ కుదురు మీద పిడికెడు వేయడానికి ఉంది. వాన చినుకు నేరుగా మన్నుకు తగలకుండా పెంట పొడి అడ్డుపడుతుంది, ఆ రెండంగుళాల వెడల్పులో పక్కు కట్టదు, మొలకకు కావాల్సిందీ ఆ రెండంగుళాలే. మొదట కొన్ని సాళ్లలోనే వేసి చూద్దామని ఆమె అంది, పక్క సాళ్లతో తేడా దారిన పోయేవాళ్లకు కూడా కనబడింది. తర్వాతి సీజన్‌లో పత్తి చేనంతా అలాగే పెట్టారు, మళ్లీ గింజ పెట్టాల్సిన అవసరం రాలేదు. కూలీ పెరుగుతుంది, అది నిజం. కానీ రెండోసారి ప్యాకెట్లు కొని, రెండోసారి కూలీ పెట్టడం కంటే తక్కువే. గింజ పెట్టిన వెంటనే వాన పడి, ఆ మీద ఎండ కాసిన సందర్భంలో మొలకకు తగలకుండా సాళ్ల మధ్య తేలిగ్గా దంతె తోలడం కూడా ఉపయోగపడింది, కానీ దానికి ఎడ్లున్నవాళ్లు దొరకాలి.

చెరువు మట్టిని వదిలేయలేదు. పైభాగానికి నిజంగా అదే కావాలి, కానీ ఎంత, ఎలా అన్నది లెక్కతో చేశాం. ఎకరమంతా ఒక సెంటీమీటరు మందం పరచాలంటే 40 ఘనపు మీటర్లు, బరువులో 50 టన్నుల పైమాటే. చాలామంది ఎకరానికి తోలించే నాలుగైదు ట్రాక్టర్లు ఏ మూలకూ రావు. కాబట్టి పైభాగంలో ఒక ఎకరమే ఎంచుకుని, ముందు మట్టిలో చౌడు, సున్నం లేవని చూసుకుని, పలుచగా సమంగా పరిచి, పెంట కలిపి, కల్టివేటర్ నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తోలించాం. రెండో సీజన్ అయ్యేసరికి ఆ ఎకరంలో గుంత తవ్వితే నల్ల పట్టీ లేదు, మన్ను ఒకే రంగుకు వచ్చింది. పెసర అక్కడ మిగతా భాగం కంటే బెట్టను బాగా ఓర్చుకుంది.

పత్తికి యూరియా విత్తిన 20, 40, 60, 80 రోజులకు కొంచెం కొంచెంగా, భాస్వరం మొత్తం దుక్కిలోనే. మొత్తం సంచులు తగ్గాయి. పత్తికట్టె కాల్చడం మానేసి, ష్రెడ్డర్ దొరికినప్పుడు ముక్కలు చేసి చాళ్లలో వదిలారు. కట్టెను కుప్పలుగా ఉంచితే గులాబీ పురుగుకు ఆశ్రయం, కాలిస్తే చేనుకు రావాల్సిన ఎరువు బూడిద, ముక్కలు చేస్తే ఆ రెండు ఇబ్బందులూ తప్పుతాయి.

ఇలాంటి చేనులో నేనిప్పుడు ముందుగా చూసేవి

సమస్య నీళ్లది అనగానే బోరు, డ్రిప్, మట్టి అని మొదలుపెట్టకుండా ముందు వాన మర్నాడు చేతి పారతో తడి ఎంత లోతుందో చూస్తాను. తడి పైనే ఆగితే సమస్య పక్కుదో, గట్టి పొరదో, దానికి చెరువు మట్టి మందు కాదు. తడి కిందిదాకా దిగి కూడా పంట వాడితే అప్పుడు వేరును చూడాలి, అడ్డం తిరిగిందా అని. వేరూ బాగుండి, నీరూ దిగి, అయినా వాడితేనే నేల నీళ్లు దాచుకోలేకపోతున్నట్టు, అక్కడ మట్టి, పెంట, లేదా పంట మార్పు. ఈ వరస తప్పితే ఖర్చంతా వృథా. గుంత తవ్వడానికి మంచి సమయం పత్తి తీశాక, కట్టె పీకకముందు, వేర్లు ఇంకా నేలలో ఉన్నప్పుడు. ఒక్క గుంత చాలదు, వాలున్న చేనులో పైన, నడుమ, కింద వేర్వేరు నేలలున్నట్టే లెక్క.

మొరం లోతు ముందే తెలిస్తే పంట ఎంపికలో వాదన సగం తగ్గుతుంది. అడుగున్నర లోతున్న చల్కలో పెసర, నువ్వులు, ఉలవలు, పరిస్థితిని బట్టి మామిడి, సీతాఫలం, ఎందుకంటే చెట్టు వేరు మొరం పగుళ్లలోంచి కిందికి పోగలదు, పత్తికి అంత సమయం లేదు. పల్లి నేలపరంగా బాగా సరిపోతుంది, కానీ గుట్ట పక్కన అడవి పందులు, కోతులతో ఈ రైతు దాని జోలికి పోనన్నాడు, నేనూ బలవంతం చేయలేదు.

పోయినసారి వెళ్లినప్పుడు మంచి వాన పడ్డాక చేనంతా చువ్వతో గుచ్చి చూశాం. కింది సగంలో దాదాపు అన్నిచోట్లా అడుగుదాకా దిగింది, ఒక్క చివరి మలుపుల దగ్గర తప్ప. ట్రాక్టర్ తిరిగే ఆ రెండు అంచుల్లో ఆరంగుళాలకే ఆగిపోతోంది, అక్కడ పత్తి కూడా పొట్టిగానే ఉంది. వచ్చే ఏప్రిల్‌లో చేనంతా కాకుండా ఆ రెండు పట్టీలకే ఛిసెల్ వేయించి, ఆ మలుపుల్లో పత్తి మానేసి కంది సాళ్లు పెట్టాలని రైతు అనుకుంటున్నాడు.